పొట్టులో వాటా

బూడిద తోడేళ్ళు గుర్రం తోకకు జానెడు దూరంలోకి వచ్చేశాయి.

శోణపుర యువరాజు ప్రభంజనుడు వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలన్నా వ్యవధి లేదు. ఎదురుగా కాలవాహినీ నది కొండను నిలువునా చీల్చుకుని ఎక్కడో పాతాళంలో పారుతోంది. దాని మీద ఒకప్పుడు వంతెన ఉండేదట. ఇప్పుడు తెగిన తాళ్ళూ, వాటికి వేలాడుతున్న నాలుగు పలకలూ మిగిలాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బుద్ధిమంతుడైతే ఒక్క క్షణం ఆగి ఆలోచించేవాడు. మన యువరాజుకు ఆ పేరు పెట్టిన పురోహితుడెవరో గాని ఆయన వాక్కు ఫలించింది. సుడిగాలికీ అతనికీ తేడా ఒక్కటే, సుడిగాలికి కిరీటం ఉండదు.

"మెరుపూ, నీదే భారం!" అని గుర్రం మెడ మీదికి వాలి అదిలించాడు.

మెరుపు గాలిలోకి లేచింది. కింద నది తళుక్కుమంది. ముందు గిట్టలు అవతలి గట్టును అందుకున్నాయి గాని వెనక గిట్టలు జారాయి, రాళ్ళు దడదడా లోయలోకి రాలాయి. ప్రభంజనుడు గుర్రం తల మీంచి అవతలికి దూకి, కళ్ళేన్ని ఒక మోడుకు చుట్టి, రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. చచ్చీచెడీ గుర్రం పైకెక్కింది.

ఇవతలి గట్టు మీద తోడేళ్ళు బారులు తీరి నిలబడ్డాయి. ఒక్కటీ దూకలేదు. ఎర్రటి కళ్ళతో అతన్ని కాసేపు చూసి, గాలి వీచగానే బూడిద కుప్పలై చెదిరిపోయాయి.

శోణపురం ఎల్ల దాటిన దగ్గర్నుంచీ ఇదే వరస. తినబోతే తరిమాయి, కునుకు తీయబోతే తరిమాయి, గుర్రానికి నీళ్ళు పట్టబోతే తరిమాయి. తరిమాయే గాని ఒక్కసారైనా కరవలేదు. అదృష్టమనుకున్నాడు ప్రభంజనుడు. పరుగులో ఉన్నవాడికి అంతకు మించి ఆలోచన ఎక్కడ తెగుతుంది!

నడుముకు కట్టుకున్న చిన్న మువ్వను తీసి చెవి దగ్గర ఆడించాడు. అది మోగింది, కానీ నిన్నటంత గలగల లేదు. 

ఆ మువ్వ అతని చెల్లెలు వకుళది. అంతఃపుర ఉద్యానంలో ఊయల ఊగుతున్న పిల్ల ఉన్నట్టుండి "అన్నయ్యా, నా కాళ్ళు నావి కావు" అని కేక పెట్టింది. వచ్చి చూస్తే కాలివేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. మరునాటికి చీలమండలు, ఆ తర్వాత మోకాళ్ళు. చర్మం మీద చెక్కకు ఉండే చారలే! ఇది కాష్ఠముఖుడనే మాంత్రికుడి పని అని తేలింది. ఆ కాష్ఠముఖుడి అసలు ముఖం చూసినవాడు భూమ్మీద లేడు. ఇతరుల ముఖాలు తొడుక్కుని తిరుగుతాడు.

అందరూ చేతులెత్తేసినప్పుడు రాజవైద్యుడు శీతలాచార్యులు ఒక్కడే దారి చెప్పాడు. కల్వంలో మందు నూరి, అరచేతికి అంటిన పొడిని ఎడమ బుగ్గ పూరించి "ఉఫ్" అని ఊదేసి, ఇలా అన్నాడు.

"నదులకు పేర్లు పుట్టకముందు కూలిన చెట్టు ఒకటుంది యువరాజా. దాని చేవ నల్లచేవ. పెద్దచెట్టు పిలిస్తే చిన్నచెట్టు వెళ్ళి తీరాలి. ఆ చెక్కతో పావుకోళ్ళు చేసి తొడిగితే, అమ్మాయిగారి ఒంట్లోని కొయ్యంతా పాదాల గుండా వాటిలోకి దిగిపోతుంది. గంధవాడ పట్టణంలో కొందరి దగ్గర ఉందని వినికిడి. కంఠం దాకా కొయ్యబారితే మాత్రం ఊపిరి ఆడదు. పరుగున వెళ్ళండి."

వకుళ తన మువ్వ ఊడదీసి అన్న చేతిలో పెట్టింది. "ఇది మోగినన్నాళ్ళూ నేనున్నట్టే. ఇది కూడా కొయ్యలా టక్కుమంటే మాత్రం తిరిగి రావడానికి తొందరపడకు" అని నవ్వబోయింది. ఆ నవ్వు తలుచుకుంటే యువరాజుకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. బయలుదేరేముందు తన ముద్రికతో కావలివాళ్ళకు ఆజ్ఞ ఇచ్చాడు. తాను వచ్చేదాకా శీతలాచార్యులు తప్ప చీమ కూడా వకుళ గది గడప దాటరాదు.

కొండ దిగగానే గంధవాడ కనిపించింది. అది ఊరు కాదు, అత్తరు బుడ్డికి మూత తీసినట్టుంటుంది. ఎర్రమట్టి మిద్దెలు, మిద్దె మిద్దెకూ మల్లెపందిళ్ళు, వీధి వీధికీ వట్టివేళ్ళ తడికలు. రేవులో నెమలి ముఖాల పడవలు, చేప తోకల పడవలు, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిగనిగలాడే రాగి చుక్కానులు. కాలువ గట్ల మీద చందనం ఆరబోసి దాన్ని కోడిపిల్లల్లా కాపలా కాసే ముసలమ్మలు. ఇంకొకడైతే అక్కడే ఒక పూట నిలబడి చూసేవాడే. ప్రభంజనుడు మాత్రం దుమ్ముపట్టిన తలపాగా చుట్టుకుని, దారిలో కొన్న దువ్వెనల మూట భుజాన వేసుకుని, దువ్వెనల వర్తకుడి వేషంలో బజారున పడ్డాడు.

"నల్లచేవ ఎవరి దగ్గరుంది?" అని అడిగితే పూలమ్మే మనిషి ఫక్కున నవ్వింది.

"పొట్టుకొలువు వాళ్ళ దగ్గర. రేవు పక్క పాత ఏనుగుల సాల చూడు. లోపలికెళ్ళి తుమ్మకు నాయనా, రంపపు పొట్టు చెదిరితే ప్రాణాలు తీస్తారు."

ఆ పొట్టుకొలువు సంగతి ఊరంతటికీ వేళాకోళమే. దానిలో ఒక్కడూ వడ్రంగి కాడు. అందరికీ వేరే పనులున్నాయి. పని తెమిలాక వచ్చి, ఊసుపోక చెక్క చెక్కుకుంటారు. కూలికి చెక్కరు, చెక్కింది అమ్మరు. జుట్టులో పొట్టుతోనే పెళ్ళిళ్ళకు కూడా వెళ్తారని చెప్పుకుంటారు.

ఏనుగుల సాల తలుపు తోసేసరికి లోపల పెద్ద తగాదా నడుస్తోంది.

"నిలువుగానే కొయ్యాలి!" అని బల్ల గుద్దుతున్నవాడు మాజీ దళపతి గండభేరి. మూడు రాజ్యాలను గడగడలాడించిన మీసం అది. ఇప్పుడు ఆయన గరిటెలు చెక్కుతాడు, గరిటెలు తప్ప మరేమీ చెక్కడు.

"వాదం చెల్లదు. అడ్డంగా కోస్తేనే చారలు వలయాలుగా వస్తాయి" అన్నవాడు న్యాయాధికారి విరూపాక్షయ్య. ఊళ్ళో దొంగలకు సింహస్వప్నం. ఇక్కడ ఆయన పని బొంగరాలు చేయడం.

"మీ అయ్యలూ ఇలాగే కొట్టుకుని పోయారు. మీరూ పోండి" అని వాళ్ళిద్దరినీ విసనకర్రతో చెరొకటి వేసింది అత్తర్ల నాగమాంబ. ఆమె కొలువుకు పెద్ద, కుంకుమ భరిణెలు చెక్కుతుంది. మూలన పడవల చిట్టెన్న మౌనంగా కూర్చుని ఉన్నాడు. అతను చెక్కిన పిట్టలు దూలాలకు వేలాడుతున్నాయి.

మధ్యలో బల్ల మీద తడి గోనె చుట్టిన దుంగ. చంటిపిల్ల పొడవుంటుంది, అంతే. దాన్ని చిట్టెన్న తాత వరద నీళ్ళలోంచి ఈడ్చుకొచ్చాడు, నాగమాంబ అమ్మమ్మ దానికి తడిగుడ్డ చుట్టింది. చివర్లకు లక్క పూసి, నీడన ఉంచి, తడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ తరాలుగా ఆరబెట్టారు. ఏనాడో ఆరింది. కానీ కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, కోస్తే అయిపోతుందని భయం. ఆ భయానికే నిలువనీ అడ్డమనీ పేర్లు పెట్టి కొట్టుకుంటూ వస్తున్నారు.

"దువ్వెనలండీ, దువ్వెనలు!" అన్నాడు ప్రభంజనుడు.

నాగమాంబ ఒక దువ్వెన తీసుకుని, అతని చీరుకుపోయిన అరచేతులు చూసి, దువ్వెన తిరిగిచ్చేసింది. "ఇవి నువ్వు చేసినవి కావు, నువ్వు అమ్మేవాడివీ కావు. పళ్ళు పైకి పెట్టి మూట కడతాడా ఎవడైనా? కత్తి పట్టే చెయ్యి ఇది. ఎందుకొచ్చావో చెప్పు నాయనా."

దాపరికం మానేసి అంతా చెప్పేశాడు. చెల్లెలి కాళ్ళు, మోకాళ్ళు, పావుకోళ్ళు, మువ్వ. చెప్తున్నంతసేపూ కాలుగాలిన పిల్లిలా సాలలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. "ఎంత కావాలంటే అంత బంగారం ఇస్తాను. ఇప్పుడే ఇవ్వండి, నేను పోవాలి."

"బంగారం ఎత్తావంటే మెడ పట్టి గెంటుతాను" అన్నాడు దళపతి, గొంతు మాత్రం కాస్త మెత్తబడింది. "మోకాళ్ళ దాకా వచ్చిందా? ఈడు ఎంత పిల్లకి?"

"పదహారు."

మూలనుంచి చిట్టెన్న మొదటిసారి నోరు విప్పాడు. "అక్కరున్నోడు వచ్చాడు గందా. ఇంకేటి ఆలోసన? కోసేద్దుము."

నాగమాంబ దుంగను వేలితో తట్టింది. కంచు మోగినట్టు మోగింది. "అవును. అక్కర లేనివాడు కోస్తే దీని మీద రంపం దిగదు, మా అమ్మమ్మ చెప్పింది. దొంగిలిస్తే చేతిలోనే పుచ్చిపోతుందనీ చెప్పింది. పంచుకుంటేనే నిలుస్తుంది. చూడు బాబూ, మా కట్టు ఇది. అడిగినవాడే కొయ్యాలి. కోసినవాడు ఆఖరున తీసుకోవాలి. ఇక్కడ అయిదుగురున్నాం, అయిదు వాటాలు. పావుకోళ్ళు కూడా నీ చేత్తోనే చెక్కాలి. ఇష్టమేనా?"

"ఇష్టమే! రంపం ఏదీ?"

కింద తెల్లగుడ్డ పరిచారు. గోనె విప్పారు.  నల్లటి నలుపు కాదు అది. కొలనులో చీకటి పడుతున్నప్పటి నీలం, దాని నడుమ వెండి చారలు. న్యాయాధికారి అంతటివాడు పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు.

ప్రభంజనుడికి అవేం పట్టలేదు. రంపం పెట్టి బలంకొద్దీ లాగాడు. పన్ను దిగింది, పొట్టు నల్లగా రాలింది. అతను మరింత బలంగా లాగాడు.

"నిదానం!" అంది నాగమాంబ.

"నిదానానికి నా చెల్లెలి మోకాళ్ళు ఆగవమ్మా!"

రంపం చర్రున పక్కకు ఒరిగింది. సరిచేసేలోపే కోత ఏటవాలుగా పోయి తుంట తెగి పడింది. ఒక పక్క ఉండాల్సినదానికంటే బాగా పెద్దది.  కోసినవాడు ఆఖరున తీసుకోవాలన్న మాట ప్రభంజనుడికి అప్పుడే తలకెక్కింది గాని, తెగినదాన్ని బ్రహ్మ కూడా అతికించలేడు.

"రంపాన్ని లాగకు నాయనా. దాని దారిన అది పోతుంది. తోడుగా వెళ్ళు" అని నాగమాంబ అతని మణికట్టు మీద చెయ్యి వేసింది. మిగిలిన కోతలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కోశాడు. ఆ కాసేపూ ఊపిరి కూడా రంపంతోపాటే ఆడించాడు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఒకచోట నిలబడడం అదే మొదలు.

అయిదు ముక్కలు. ఒకటి పెద్దది, జత పావుకోళ్ళకు సరిపోయేది. మూడు పలచనివి. చివరిది ముడులుపడ్డ పొట్టి మొదలు, దానిలో తిప్పలు పడితే ఒక్క పావుకోడు వస్తుంది.

కట్టు ప్రకారం, చెక్కను ఒడ్డుకు చేర్చినవాడి వంశానికి మొదటి ఎంపిక. చిట్టెన్న లేచి వచ్చి, ప్రభంజనుడి కళ్ళలోకి చూడకుండా పెద్ద ముక్క తీసుకున్నాడు.

"అన్నా!" అన్నాడు యువరాజు. "ఆ ఒక్కటి వదిలిపెట్టు. నా చెల్లెలికి రెండు పాదాలు!"

"కోసినోడిదే తప్పు. కట్టు కట్టే" అన్నాడు చిట్టెన్న.

దళపతి మీసం ముడిపడింది. చిట్టెన్న అలాంటివాడు కాదు. వల్లో పడ్డ చేపపిల్లను కూడా బుజ్జగించి నీళ్ళలో వదిలే రకం. అయినా కట్టు కట్టే. దళపతి, న్యాయాధికారి, నాగమాంబ పలచని ముక్కలు తీసుకున్నారు. మొదలు ముక్క ప్రభంజనుడి చేతిలో మిగిలింది.

"వాటా అందుకున్నవాళ్ళు చెక్కకు మాట చెప్పాలి" అంది నాగమాంబ. "నేను నీతో భరిణె చేస్తాను."

"గరిటె." "బొంగరం."

"పావుకోడు" అన్నాడు ప్రభంజనుడు. 

"భరిణె" అన్నాడు చిట్టెన్న.

నాగమాంబ తలెత్తింది. "భరిణెలు నావి గదరా. నువ్వు పిట్టలు తప్ప ఏనాడైనా..."

"ఈసారికి భరిణే."

ఆమె గుడ్డ నాలుగు కొసలూ పట్టి ఎత్తి పొట్టును మధ్యకు చేర్చి, గవ్వ చెంచాతో పంచడం మొదలుపెట్టింది. చెక్కలో వాటా ఎంతో పొట్టులోనూ అంతే. పగుళ్ళు పడ్డప్పుడు జిగురుతో కలిపి పూడ్చడానికి ఆ చెక్క పొట్టే కావాలి, మరొక పొట్టు కలవదు. అందుకే చిటికెడు కూడా నేలపాలు కానివ్వరు. దళపతి తన వాటాను తలపాగా కొసలో ముడి వేసుకున్నాడు. న్యాయాధికారి ముక్కుపొడుం కాయ ఖాళీ చేసి మరీ అందులో పోసుకున్నాడు. చిట్టెన్న అరచేతిలో చెంచాడు పొట్టు పడింది.

చిట్టెన్న చిరాగ్గా చేతి వంక చూసుకుని, ఎడమ బుగ్గ పూరించి "ఉఫ్" అని ఊదేశాడు.

నల్లటి పొట్టు గాలిలో లేచి అతని గడ్డం మీద, తల మీద, చెమట మెడ మీద అంటుకుంది.  కాకికి పెట్టిన పిండాన్ని కాలితో తన్నినట్టయింది వాళ్ళకు. ప్రభంజనుడికి మాత్రం ఆ ఊదడం ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు.

నాగమాంబ చెంచా కింద పెట్టింది. "మా చిట్టెన్న పుట్టిన్నాడు వాడి నోట్లో తేనెతో పాటు రంపపు పొట్టు పెట్టారు. ఎవడివిరా నువ్వు?"

చిట్టెన్న ముఖం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పెచ్చులూడింది. కింద మరో ముఖం, దాని కింద మరోటి. "తెలిసి ఏం లాభం ముసలిదానా? వాటా పంచి చేతికిచ్చావు, ఇక ఇది నాది. నిప్పు కాల్చదు, పురుగు తొలవదు, నీరు నాన్చదు. దీనిలో నా ప్రాణం దాచుకుంటే యముడు కూడా తాళం వెతుక్కోవాల్సిందే. అక్కరున్నవాడు వచ్చేదాకా మీరు కొయ్యరు. అందుకని అక్కరను నేనే పుట్టించాను!"

"కాష్ఠముఖా!" ప్రభంజనుడు దువ్వెనల మూటలోంచి కత్తి దూశాడు. అంతకు ముందే దళపతి కొయ్యసుత్తి విసిరాడు. సుత్తి తగిలేసరికి అక్కడ మనిషి లేడు. పెద్ద రాబందు రెక్కలు విప్పి, కాళ్ళ సందున నల్లచేవ ఇరికించుకుని, పెంకులు పగలగొట్టుకుంటూ కప్పులోంచి లేచిపోయింది.

ప్రభంజనుడు బల్ల మీదికి, బల్ల మీంచి దూలం మీదికి, దూలం మీంచి కప్పు మీదికి ఎగబాకి, ఎగిరిపోతున్న పక్షి కాలు ఒడిసిపట్టుకున్నాడు. మిద్దెలు, మల్లెపందిళ్ళు, పడవలు కిందనుంచి గిర్రున తిరిగాయి. పూలమ్మే మనిషి "అయ్యో, దువ్వెనలబ్బాయి!" అని కెవ్వుమంది. రాబందు మెడ తిప్పి అతని మణికట్టును పొడిచింది. వేళ్ళు పట్టు తప్పాయి. యువరాజు గాలిలో పల్టీలు కొట్టి రేవు పక్క జమ్ములో దబ్బున పడ్డాడు.

బురదలోంచి తల పైకెత్తేసరికి ఎదురుగా ఇంకో తల. కాళ్ళూ చేతులూ కట్టేసి ఉన్నాయి, నోట్లో జమ్ము కుక్కి ఉంది. ప్రభంజనుడు అది పీకేశాడు.

"నానే బాబూ, సిట్టెన్నని!" అని ఆ మనిషి గొల్లుమన్నాడు. "పొద్దుటేల వల తీత్తంటే ఎనకనించి కొట్టాడు. కోసేశారేటి? నేను లేకుండానే కోసేశారా?"

తల మీద దెబ్బ తిని, రేవు జమ్ములో పడి ఉన్నవాడికి ఆ సమయంలో వచ్చిన ఏడుపు అది. పొట్టుకొలువు వాళ్ళు అంతే.

మాంత్రికుడు ఉత్తరంగా ధూమ్రగిరి వైపు ఎగరడం ఊరంతా చూసింది. ప్రభంజనుడు సాలలోకి పరుగున వచ్చి, తన మొదలు ముక్కను మొలలో దోపుకుని గుర్రం కోసం ఈల వేశాడు. "నేను పోతున్నా. ఆ ముక్క తేకపోతే ఒక్క పావుకోడుతో ఏం చేయను?"

"ఆగు!" అంది నాగమాంబ.

"ఆగను!"

"ఆగమన్నానా!" ఆమె అరిచింది. దళపతి కూడా ఉలిక్కిపడ్డాడు. "నీ తొందర ఒకసారి రంపాన్ని ఏటవాలు చేసింది. చాలదా? కూర్చో. పొట్టులో వాటా పారేసినవాడికి చెక్కలో వాటా నిలవదు. ఆ పొట్టు వాడి ఒంటినిండా ఉంది. చెక్క తన పొట్టును వెతుక్కుంటుంది, చూడు."

తన ముక్కలోంచి సన్నటి పేడు చీల్చి, దారం కట్టి దూలానికి వేలాడదీసింది. పేడు ఊగి ఊగి నిలబడింది. దాని మొన ఉత్తరం వైపుంది.

"చెప్పానా, ధూమ్రగిరే!" అని లేచాడు యువరాజు.

పేడు కదిలింది. గాలి లేదు, ఎవరూ తాకలేదు. నెమ్మదిగా పడమటికి తిరిగింది. అక్కడా ఆగలేదు. ఇంకా తిరిగి, దక్షిణానికి వచ్చి, దారం బిగిసేలా ముందుకు లాగి నిలిచిపోయింది.

"నలుగురికీ కనపడేలా ఉత్తరానికి ఎగిరి, చాటుకెళ్ళి తిరిగాడు" అన్నాడు న్యాయాధికారి. "దొంగల లక్షణం. బాబూ, ఆ దిక్కున ఏముంది?"

ప్రభంజనుడు నడుము దగ్గర మువ్వను పట్టుకున్నాడు. "మా ఇల్లు."

అప్పుడు గుర్తొచ్చింది. ఎడమ బుగ్గ. ఉఫ్. కల్వం ముందు కూర్చున్న రాజవైద్యుడు. దారి చెప్పినవాడూ ఆయనే, పరుగున వెళ్ళమన్నవాడూ ఆయనే. ఆగి ఆలోచించుకోనివ్వకుండా తరిమిన తోడేళ్ళూ ఆయనవే, అందుకే కరవలేదు. నిజమే చెప్పాడు దుర్మార్గుడు, ఎర నిజమైతేనే గదా చేప పడేది. కంచే చేను మేసింది. ఆ కంచె వేసినవాడు ఎవరో కాదు, తానే. శీతలాచార్యులు తప్ప ఎవరూ గడప దాటరాదని తన ముద్రికతో తానే ఆజ్ఞ ఇచ్చి వచ్చాడు. వకుళ గదిలో ఇప్పుడు వాడొక్కడే ఉంటాడు. ప్రాణం దాచే భరిణెకు అంతకంటే కావలి ఉన్న చోటు వాడికి దొరకదు.

మువ్వ తీసి ఆడించాడు. బొంగురుగా ఒక్కసారి మోగింది.

"గుర్రం!" అని అరిచాడు.

"గుర్రం మీద కూర్చుని ఉలి పట్టగలవా?" అని అడిగింది నాగమాంబ. "రెండో ముక్క వాడి దగ్గర లాక్కోవాలి, సరే. కానీ మొదటి పావుకోడు నువ్వు అక్కడికి చేరేసరికి తయారై ఉండాలి. నీ చెయ్యి తప్ప మరో చెయ్యి పనికిరాదు. నువ్వు చెక్కితే గాని పిల్ల బతకదు, కూర్చుంటే గాని నువ్వు చెక్కలేవు."

 ప్రపంచంలో అతను చేయలేని పని ఒకటుంటే అది కూర్చోవడం. ఆ పనే ఇప్పుడు చెల్లెలి ప్రాణమై కూర్చుంది.

"ఈ కాలవాహినీ ఏరే శోణపురం గోడలు రాసుకునే పోద్ది" అన్నాడు చిట్టెన్న, తల మీద దెబ్బకు కట్టు కట్టుకుంటూ. "నా పడవుంది. లోయలో సుడులున్నాయి, అయినా నడిపేత్తాను. వాడు నా మొకం ఏసుకున్నాడు బాబూ. అది తెచ్చుకోవాలి నేను."

దళపతి పాత కత్తి ఎక్కడుందో వెతుక్కున్నాడు. న్యాయాధికారి "ధర్మాసనం ఎక్కడికీ పోదు, దొంగలు రేపైనా దొరుకుతారు" అని పంచె ఎగ్గట్టాడు. నాగమాంబ ఉలుల సంచీ, తెల్లగుడ్డ, దారానికి వేలాడే పేడు తీసుకుని అందరికంటే ముందు పడవెక్కింది. మెరుపు ఒడ్డు వెంట పరుగు తీసింది.

పడవ మధ్యలో యువరాజును కూర్చోబెట్టి ఒళ్ళో గుడ్డ పరిచారు. "చారలు ఎటు పోతే ఉలి అటు" అంది నాగమాంబ. ప్రభంజనుడు మొదటి పెచ్చు తీశాడు.  రెండోది తీశాడు. మనసు శోణపురం మేడ మెట్లు ఎక్కుతోంది, గది తలుపు విరగ్గొడుతోంది, వాడి పీక నులుముతోంది. ఒళ్ళు మాత్రం ఇక్కడే, ఈ ముడులుపడ్డ మొదలు ముందు. నీళ్ళ హోరులో మువ్వను ఆడించి చూసుకోవాలనిపించింది. ఆడించలేదు. ఒళ్ళో రాలిన పొట్టును మునివేళ్ళతో గుడ్డ మధ్యకు చేర్చుకున్నాడు.

లోయ దగ్గరపడింది. రెండు పక్కలా కొండలు లేచాయి, పడవ సుడిలో పడి గిర్రున తిరిగింది. చిట్టెన్న గెడ వేసి నిలబెట్టాడు. అప్పుడు దళపతి తల పైకెత్తి, గొంతు తగ్గించి అన్నాడు.

"అబ్బాయ్, కొండ అంచులు చూడు."

రెండు గట్ల మీదా బూడిద లేస్తోంది. లేచి తోడేళ్ళవుతోంది. మునుపటిలా దూరం పాటించడం లేదు. ఇన్నాళ్ళూ తరమడానికి వచ్చినవి, ఈసారి నోళ్ళు తెరుచుకుని పడవ మీదికి దూకడానికి వంగుతున్నాయి. మొదటిది అప్పుడే అంచు వదిలింది.

ప్రభంజనుడి చెయ్యి అలవాటు చొప్పున కత్తి పిడి మీదికి వెళ్ళింది. ఒళ్ళో పావుకోడు సగం మడమ తేలి ఉంది. ఆ మడమ వకుళ మడమ. కత్తి మీంచి చెయ్యి తీసేశాడు. ఉలి అందుకున్నాడు. తల ఎత్తలేదు.

"దళపతిగారూ, తోడేళ్ళు మీవి" అన్నాడు. "చెక్క నాది."